ఇంజిన్ లైటుకు మూడు షిఫ్టుల కాపలా

కొత్తగూడెం నుంచి చర్ల దాకా, కావాలంటే ఛత్తీస్‌గఢ్ బార్డర్ దాకా పోయి అడుగుండ్రి, కారు ఇంజిన్ రోగం నా అంత పక్కాగ చెప్పేటోడు లేడు. బానెట్ మీద చెవి పెడితే చాలు. రోగం పేరు, అది వచ్చిన తారీఖు, దాని తండ్రి పేరు చెప్తా. ఒకసారి అశ్వారావుపేట కాడ పామాయిల్ గెలల ట్రాక్టర్ నడిరోడ్డు మీద ఆగిపోయి గంటయింది. నేను బస్సు కిటికీలకెల్లి చూసి ఒక్కసారి దగ్గిన. స్టార్టయింది.

గీ సంగతి మా కాలనీల అందరికీ నేనే చెప్పిన. నిజం ఏందంటే, పోయిన ఆదివారం పొద్దుగాల మా పెదనాయిన కారు బానెట్ తెరుద్దామని ఒక లివర్ లాగితే పెట్రోల్ మూత తెరుచుకుంది. ఇంకోటి లాగితే డిక్కీ లేచింది. మూడోది లాగితే సీటు వెనక్కి పడి, దానితోపాటు నేను కూడా పడి, కారు కప్పు చూసుకుంట ఐదు నిమిషాలు పండుకున్న. బానెట్ లివర్ స్టీరింగ్ కింద కుడి మోకాలు పక్కన ఉంటదని ఫోన్ల వీడియో చూసి తెలుసుకున్న. ఆ వీడియో తమిళంల ఉండె.

కారు మాకు కొత్తది. దానికి మాత్రం పదిహేనేండ్లు దాటినయ్, పెదనాయిన ఆరో ఓనరు. అశ్వారావుపేటల ఒక పామాయిల్ తోట మేస్త్రి దగ్గర కొన్నడు. కొన్న వారం దాకా సీట్ల కింద నుంచి పామాయిల్ కాయలు దొర్లుకుంట వస్తనే ఉండె. హారన్ కొడితే వైపర్లు తిరుగుతయ్. వైపర్లు వేస్తే ఏం తిరగది.

మా పెదనాయిన పేరు ఆదాము. ముప్పై నాలుగేండ్లు బొగ్గుబాయిల సర్దారు. సర్దారంటే కార్మికులకంటే ముందుగాల లోపలికి పోయి, గ్యాస్ ఉన్నదా, కప్పు గట్టిగుందా చూసి, ఇగ రండ్రి అని చెప్పే మనిషి. ఆయన రమ్మనకుండ ఎవ్వరూ పోవద్దు. రిటైరై రెండేండ్లయినా ఆ అలవాటు పోలే. మా ఇంట్ల కుక్కర్ మూడో విజిల్ కూడా ఆయన ఊ అన్నంకనే వేస్తది.

ఆ కారు కొన్నది మా అక్క కోసం. దీవెనక్క పెదనాయిన బిడ్డ. నాలుగేండ్లు కాంట్రాక్టు నర్సుగ చేసి, పరీక్ష రాసి రాసి, ఆఖరికి చర్ల దవాఖానాల పర్మనెంటు స్టాఫ్ నర్సు పోస్టు కొట్టింది. ఆర్డర్ల ఒక ముక్క ఉండె. సోమవారం మధ్యాహ్నం పన్నెండు లోపల చేరకపోతే పోస్టు లిస్టుల తర్వాతి మనిషికి పోతది. ఆ కాగితాన్ని మా ఆరోగ్యమ్మ పెద్దమ్మ ప్లాస్టిక్ కవర్ల పెట్టి, కవర్‌ను బైబిల్ల పెట్టి, బైబిల్‌ను బీరువాల పెట్టి, తాళాన్ని ఎక్కడ పెట్టిందో ఎవరికీ చెప్పలే. బిడ్డను సొంత కార్ల తీస్కపోయి ఉద్యోగంల దింపాలె అన్నది పెదనాయిన కోరిక.

స్టీరింగ్ నేను పట్టాలె అన్నది నా కోరిక. లైసెన్సు వచ్చి మూడు నెలలయింది. అడిగిన. నీకు సైకిల్ ఇస్తేనే ఒక పెడల్ పోగొట్టుకొని వచ్చినవ్ అన్నడు పెదనాయిన. అది ఏడో తరగతిల సంగతి. ఆయన దగ్గర ఏదీ పాతబడదు.

అందుకే నేను ఒక పథకం వేసిన. ఇంజిన్ పీల్చే గాలి పైపు మీద బూడిద రంగు ప్లగ్గు ఒకటి ఉంటది. గాలి ఎంత వేడిగుందో కారు బుర్రకు చెప్పే సెన్సార్‌ది. లాక్ నొక్కి దాన్ని గుంజితే స్టీరింగ్ ముంగట పసుపుపచ్చ లైటు వెలుగుతది. బండికి పెద్ద నష్టం ఏం లేదు. ఆదివారం చర్చి అయినంక మా పాస్టరు శాంతికుమార్ గారు ప్రయాణం కోసం ప్రార్థన చేయనీకె ఇంటికొస్తడు. అందరి ముందల లైటు వెలుగుతది. అందరు గాబరా పడుతరు. నేను నిమ్మలంగ పోయి బానెట్ మీద చెవి పెట్టి, కండ్లు మూసి, గాలి పైపు అంటా. ప్లగ్గు పెడతా. ఎప్పుడో రేపో ఎల్లుండో లైటు దానంతటదే పోతది. పెదనాయిన కండ్లనీళ్లతోటి నాకు తాళం ఇస్తడు. ఈ పథకంల తప్పు ఎక్కడుందో ఇప్పటికీ నాకు అర్థం కాలే.

చర్చికి పోకముందే ప్లగ్గు గుంజి పెట్టిన. ప్రార్థన మంచిగనే మొదలైంది. పాస్టరు గారు బానెట్ మీద చెయ్యి పెట్టిండు. పెదనాయిన తాళం తిప్పిండు. ముంగట అన్ని లైట్లు వెలిగి ఆరిపోయినయ్. ఒకటి మాత్రం ఆరలే.

పెద్దమ్మ కిటికీలకెల్లి తొంగిచూసి, తాబేలు బొమ్మ ఎందుకుందని అడిగింది. అది ఇంజిన్ బొమ్మ అని దీవెనక్క చెప్పింది. నేను ఒక అడుగు ముందుకేసి, షర్టు చేతులు మడుస్తున్న.

పెదనాయిన ఇంజిన్ ఆపిండు. తాళం జేబుల వేసుకున్నడు. ఆయన మొఖం మారింది. రిటైర్‌మెంటు రోజు దండ వేయించుకున్న ముసలాయన పోయి, టోపీ మీద లైటు పెట్టుకున్న సర్దారు వచ్చిండు.

"అందరు బయటికి. ఉరకొద్దు, నడువుండ్రి," అన్నడు.

పాస్టరు గారు అప్పటికి 'ఆమె' దాక వచ్చిండు. 'న్' గేటు బయట అన్నడు.

పెదనాయిన లెక్క చాలా సింపుల్. బాయిల హెచ్చరిక లైటు వెలిగితే ఏం చేస్తరో ఇక్కడ కూడా గదే చేయాలె. మనుషుల్ని బయటికి తీయాలె, కంచె కట్టాలె, గాలి ఆడించాలె, గ్యాస్ చూడాలె, కప్పు చూడాలె, కారణం రాయాలె. మెకానిక్ జైరాంకు ఫోన్ చేసిండు. పాల్వంచల ఆయన ఒక్కని దగ్గరనే కంప్యూటర్ మిషన్ ఉంది. జైరాం చుట్టాల పెండ్లిల ఉన్నడు, సోమవారం పొద్దుగాల ఆరున్నరకు వస్తనన్నడు. అప్పటిదాక బానెట్ ఎవరూ ముట్టొద్దు అన్నడంట. అంతే. ఆ మాట పెదనాయినకు చట్టమైంది.

బట్టలారేసే తాడు తీసి కారు చుట్టు కట్టిండు. దానికి పెద్దమ్మ ఎర్ర లంగా ప్రమాదం జెండా లెక్క వేలాడేసిండు. పెద్దమ్మ అభ్యంతరం చెప్పింది. అభ్యంతరాన్ని పాత డైరీల టైంతోటి రాసుకున్నడు. పక్కింటి పూల్‌సింగ్ మామ పెదనాయినతోటి బాయిల పనిచేసినోడే, ఆయనను కాపలాకు పిలిచిండు. మూడు షిఫ్టులు వేసిండు. బానెట్ అంచు మీద చర్చి కొవ్వొత్తి మైనం కార్చి, దాని మీద బొటనవేలి ముద్ర వేసిండు. ఇగ ఎవరు తెరిచినా తెలుస్తది.

ఆ ముద్ర పడుతుంటే నేను చూసుకుంట నిలబడ్డ. ప్లగ్గు నాకు మూడడుగుల దూరంల ఉంది. పెట్టనీకె రెండు సెకన్లు చాలు. ఆ రెండు సెకన్లు నాకు తర్వాతి రోజు పొద్దుగాల దాక దొరకలే.

పెదనాయినా నేను చెవి పెట్టి చెప్తా అన్న. తాడు అవతల నిలబడి చెప్పు అన్నడు.

బాయి మూతి కాడ బీడీ, అగ్గిపెట్టె తనిఖీ ఉంటది. ఇక్కడ కూడా మొదలైంది. పూల్‌సింగ్ మామ దగ్గర రెండు కట్టల బీడీలు దొరికినయ్. కాపలావాడే కాబట్టి ముందు తనను తనే తనిఖీ చేసుకొని, తనే తీసి ఇచ్చిండు. పాస్టరు గారి సంచిల స్టౌ ముట్టించే లైటర్ దొరికింది. దీవెనక్కకు కొత్త కాపురం సామాను కింద కానుకగ తెచ్చిండు పాపం. అది కూడా పోయింది. నా ఫోన్ కూడా పోయింది, బాయిల సెల్‌ఫోన్ నిషేధం అంట. ఇది బాయి కాదు పెదనాయినా, వాకిలి అన్న. లైటు వెలిగినంక ఏ జాగైనా బాయే అన్నడు.

లోపలికి పోయినోళ్ల లెక్క ఉండాలె గదా. బాయిల ఇత్తడి బిల్లలుంటయ్. మా ఇంట్ల స్టీలు చెంచాలున్నయ్. మనిషికో చెంచా. తాడు దాటి లోపలికి పోతే గేటుకున్న మేకుకు చెంచా తగిలించాలె, బయటికొస్తే తీస్కోవాలె. మధ్యాహ్నం బిర్యానీ అందరం చేత్తోనే తిన్నం. పెరుగు చట్నీ తాగినం.

తర్వాత నాలుగు డోర్లు తెరిచి, ఎక్స్‌టెన్షన్ వైరుతోటి టేబుల్ ఫ్యాన్ పెట్టి కారుకు గాలి ఆడించిండు. గాలికి మూడు పామాయిల్ కాయలు బయటికొచ్చినయ్. వెనుకటికి గ్యాస్ చూడనీకె పిట్టను పంజరంల పెట్టి బాయిల దించేటోళ్లంట, ట్రైనింగు క్లాసుల విన్నడంట. మా దగ్గర పిట్ట లేదు. పెద్దమ్మ నల్లకోడిని వెనుక సీట్ల కూసోబెట్టి డోర్లు వేసిండు. కోడికి కూడా ఒక చెంచా తగిలించిండు. అరగంట అయినంక డోరు తీస్తే కోడి మంచిగనే ఉంది. సీటు బెల్టు పక్కన గుడ్డు పెట్టింది. డైరీల గిట్ల రాసిండు: నాలుగు ఇరవై. గ్యాస్ లేదు. గుడ్డు ఒకటి.

అప్పటికి కాలనీ సగం మా గేటు కాడ ఉంది. బాయిల పనిచేసి రిటైరైనోళ్లు ఎక్కువ. వాళ్లల్ల ఒక్కడు కూడా నవ్వలే, అదే నా భయం. ఫ్యాను ఇంకో దిక్కు పెడితే గాలి మంచిగ తిరుగుతదని ఒకాయన, కోడిని ముందు సీట్ల కూడా ఒకసారి పెట్టి చూడాలెనని ఇంకొకాయన సలహాలిస్తున్నరు.

కోడికి నూకలు వేసొస్తనని చెప్పి చెంచా తగిలించి నేను లోపలికి పోయిన. వంగి, లివర్ మీద చెయ్యి వేసిన. పూల్‌సింగ్ మామ తాడు అవతలి నుంచి, నూకలు వెనుక సీటుకు వెయ్యాలె అల్లుడా, స్టీరింగ్ కాడ ఏరుకొని తినేది ఎవరు అన్నడు. బయటికొచ్చిన.

పాస్టరు గారి దగ్గరికి పోయి, బానెట్ తెరిచి ఇంజిన్ మీద నేరుగ చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తే ఇంకా మంచిగుంటదేమో అన్న. దేవునికి బానెట్ అడ్డం కాదు బాబు అన్నడు. మళ్ల తాడు కాడికొచ్చిన.

ఆఖరికి కప్పు పరీక్ష వచ్చింది. బాయిల సర్దారు కర్రతోటి పైకప్పును తట్టి సప్పుడు వింటడు. ఖంగుమంటే గట్టిది. డొల్ల సప్పుడొస్తే ఎప్పుడైనా ఊడి పడుతది, జల్దీ దుంగలు నిలబెట్టి ఆసరా ఇయ్యాలె. పెదనాయిన కారు కప్పును కర్రతోటి తట్టిండు. డొల్ల సప్పుడొచ్చింది. ఇంకో జాగ తట్టిండు. డొల్లనే. పూల్‌సింగ్ మామ కూడా చెవి పెట్టి విని, తల అడ్డంగ ఊపిండు. గేటు కాడ జనం అంతా ఒక్కసారి అబ్బ అన్నరు.

రేకు గదా పెదనాయినా, ఏ కారుదైనా గట్లనే మోగుతది అన్న నేను. సర్దారుకు కప్పు సంగతి చెప్పుతున్నవా అన్నట్టు చూసిండు.

చీకటి పడకముందే నీలగిరి దుంగలు రెండు కోయించి, ముంగటి సీట్ల నడుమ ఒకటి, వెనుక సీటు ముందల ఒకటి నిలబెట్టి, పైన చెక్క పెట్టి సుత్తెతోటి బిగించిండు. ఆ పొద్దు మన దేశంల ఎన్ని కార్లున్నయో తెల్వదు గని, కప్పు కూలకుండ దుంగలు పెట్టిన కారు మాదొక్కటే.

దీవెనక్క ఇదంతా అరుగు మీద కూసొని చూస్తుంది. యూనిఫారం ఇస్త్రీ అయింది. ట్రంకుపెట్టె, చాప, స్టౌ గేటు కాడ సర్ది పెట్టింది. నన్ను పిలిచి, పొద్దుగాల ఐదింటి బస్సుకు పోవాల్నా, బాపు మాట వినాల్నా అని అడిగింది. ఐదింటి బస్సయితే భద్రాచలంల మారి పదకొండుకు చర్ల చేరొచ్చు. ఆ తర్వాత బస్సుకైతే రెండు దాటుతది.

అప్పుడు చెప్పాల్సింది. నోటిదాక వచ్చింది. మెకానిక్ వస్తడు గదా అక్కా, చిన్న పనే ఉంటది, రెండు సెకన్లల అయిపోతది అన్న.

"నీకెట్ల తెల్సు?" అన్నది.

"నాకు చెవి ఉంది గదా," అన్న.

ఆమె బస్సుకు పోలే. రాత్రి షిఫ్టు పూల్‌సింగ్ మామ తమ్ముడు మోతీది. ఆయన నిద్రపోతడని నమ్ముకొని, నేను మెల్కొని ఉందామనుకున్న. నిద్రపోయింది నేనే.

సోమవారం ఆరున్నరకు జైరాం మోటర్‌సైకిల్ మీద వచ్చిండు. తనిఖీ చేసి, చెంచా ఇచ్చి లోపలికి పంపిండ్రు. ఆయన కారు లోపలికి తొంగిచూసి, ఒక దుంగను వేలితోటి తట్టిండు. తర్వాత, దుంగలు ఎందుకు పెద్దయ్యా అని అడిగిండు. కప్పు డొల్ల అన్నడు పెదనాయిన. అవ్ అన్నడు జైరాం. ఆయన కూడా బొగ్గుబాయిల కోల్‌బెల్టు మనిషే.

దుంగ పక్కకెల్లి చెయ్యి దూర్చి, స్టీరింగ్ కింద మిషన్ తగిలించిండు. తెర మీద ఒక గుండ్రం తిరుగుడు మొదలైంది. తిరుగుతనే ఉంది. ఏడు కావొస్తుంది. చర్లకు దుమ్ముగూడెం దాటినంక రోడ్డు రోడ్డు లెక్క ఉండది, నాలుగు గంటలు కచ్చితంగ కావాలె. ఏడున్నరకు కదలకపోతే పోస్టు పోయినట్టే. కిరాయి కార్లకు పొద్దుగాల నుంచి పెద్దమ్మ ఫోన్లు చేస్తనే ఉంది. పెండ్లిళ్ల రోజులు, ఆటో కూడా లేదన్నరు. దీవెనక్క యూనిఫారం వేసుకొని గేటు కాడ నిలబడింది. ఆ గుండ్రం అట్లనే తిరుగుతుంది. నా వల్ల కాలే.

"గాలి పైపు మీది ప్లగ్గు ఊడింది. బూడిద రంగుది. పెట్టన్నా జల్దీ," అన్న.

జైరాం నా దిక్కు చూసిండు. బానెట్ దిక్కు చూసిండు. మైనం ముద్ర మీద పెదనాయిన వేలి గీతలు ఒక్కటి కూడా చెదరలే.

"మిషన్ ఇంకా చెప్పలే తమ్మీ," అన్నడు.

అప్పుడు మిషన్ బీప్‌మన్నది. జైరాం చదివిండు. గాలి వేడి చూసే సెన్సార్, వైరు తెగిందో ప్లగ్గు ఊడిందో అని ఉందంట. అందరు నా దిక్కు తిరిగిండ్రు. పెద్దమ్మ కండ్లల్ల భక్తి కనపడ్డది. ఒక్క క్షణం నా పథకం పనిచేస్తున్నట్టే అనిపించింది.

దీవెనక్క కండ్లల్ల భక్తి లేదు. నిన్నటి నుంచి తాడు అవతలనే ఉన్నవ్ గదా, బానెట్ ఎవ్వరూ తీయలే గదా, నీకెట్ల తెల్సింది అన్నది.

"ఎలుక," అన్న. నోట్ల నుంచి అదే వచ్చింది. "ఎలుక పీకింది. చూసిన."

"ప్లగ్గు రంగు చెప్పినవ్. ఎలుక రంగు కూడా చెప్పు."

బూడిదే అన్న.

పెదనాయిన మైనం పగలగొట్టి బానెట్ తీయించిండు. ప్లగ్గు ఊడే ఉంది. జైరాం దాన్ని టక్కున పెట్టిండు. మిషన్ల ఏదో నొక్కిండు. ఇంజిన్ స్టార్ట్ చేస్తే ముంగట పసుపుపచ్చ లైటు లేదు. ఏడు దాటి ఐదు నిమిషాలు. పూల్‌సింగ్ మామ ట్రంకుపెట్టె లేపిండు. పెద్దమ్మ స్తోత్రం అన్నది. నేను బతికిపోయిన అనుకున్న.

పెదనాయిన ఇంజిన్ ఆపి, డైరీ తీసి, కారణం అని రాసి, దాని ముందల ఎలుక అని రాసిండు. రాసి, పెన్ను అట్లనే పట్టుకొని చూసిండు.

ఎలుకైతే బండి కదలది అన్నడు. ఎలుక ఒక్క ప్లగ్గుతోటి ఆగది. బ్రేకు కాడి వైర్లు, ఫ్యాను వైర్లు, కనపడని జాగల వైర్లు అన్నీ విప్పి చూడాలె. ఎంతసేపు అని జైరాంను అడిగిండు. అన్నీ విప్పుతే రెండు రోజులు అన్నడు జైరాం, కానీ లైటు పోయింది గదా పెద్దయ్యా, పోనియ్యి అన్నడు.

పెదనాయిన గొంతు లేపలే. వెనుకట బాయిల ఒక రోజు షిఫ్టు లేటయితుందని కారణం కాడ తెల్వదు అని రాసి, నేనే మనుషులను లోపలికి రమ్మన్న అన్నడు. పూల్‌సింగ్ మామ చెయ్యి దిక్కు చూసిండు. పూల్‌సింగ్ మామ ట్రంకుపెట్టెను మెల్లగ కింద పెట్టిండు. ఆయన కుడి చేతికి రెండు వేళ్లు లేవు. అవి ఎట్ల పోయినయో నేను ఎన్నోసార్లు అడిగిన, ప్రతిసారి ఒక కొత్త జోకు చెప్పేటోడు. నిజం గీ పొద్దు తెల్సింది.

దీవెనక్క వాదించలే. ఆ డైరీ ముందల వాదన నడవదని ఆమెకు చిన్నప్పటి నుంచి తెల్సు. ట్రంకుపెట్టె మీద కూసొని, ప్లాస్టిక్ కవర్ తీసి, ఆర్డర్ మీద తారీఖు కాడ వేలు పెట్టి చదివింది. మళ్ల చదివింది. చదివితే మారుతదేమో అన్నట్టు.

నేను ఎలుకను బాగుచేద్దామని చూసిన. చిన్న ఎలుక పెదనాయినా అన్న. మనది కాదు, బయటి ఎలుక, ఏదో దారిన పోతా ఒక్క ప్లగ్గు పీకింది అన్న. మిగిలిన వైర్ల దిక్కు అది కన్నెత్తి చూడలే, సీదా పాల్వంచ రోడ్డు పట్టింది, నేను సాగనంపిన అన్న.

జైరాం ప్లగ్గును మళ్ల ఊడదీసి ఎండల తిప్పి చూసిండు.

"పంటి గాటు ఒక్కటి లేదు. దీని లాక్‌ను నొక్కి పట్టి గుంజితేనే వస్తది," అన్నడు. "ఎలుకకు బొటనవేలు ఉండది తమ్మీ."

వాకిట్ల బొటనవేలు ఉన్నోళ్లం ఆరుగురం ఉన్నం. ఐదుగురు నా చెయ్యి దిక్కు చూసిండ్రు. నేను చెయ్యి జేబుల పెట్టుకున్న.

దీవెనక్క లేచి నా ముందుకొచ్చింది. తిడుతదనుకున్న. తిట్టలే.

"టైం ఏడుంబావు అయింది జస్టిన్," అన్నది. "అబద్ధం ఇంకొకటి చెప్పాలంటే చెప్పు, వింటా. కానీ జల్దీ చెప్పు."

చెప్పనీకె మస్తున్నయ్. కోతి అనొచ్చు, కోతికి బొటనవేలు ఉంటది. ఒక కోతి తయారుగనే ఉండె నా దగ్గర, దాని తోక ఎంత పొడవో కూడా అనుకున్న. కానీ ఆమె ఆర్డర్‌ను మడిచి మళ్ల ఆ కవర్ల పెడుతుంది.

"నేనే పెదనాయినా," అన్న. "ఎలుక లేదు. నిన్న చర్చికి పోకముందు నేనే గుంజిన. ఇంకో వైరు ఏదీ ముట్టలే. ముట్టనీకె నాకు ఇంకో వైరు పేరు కూడా తెల్వదు."

పెదనాయిన కండ్లద్దాలు సర్దుకొని, నేను చెప్పింది చెప్పినట్టే రాసిండు. ఆయన అక్షరాలు పెద్దగ ఉంటయ్, నా తప్పుకు పేజీన్నర పట్టింది. జైరాం ప్లగ్గు మళ్ల పెట్టి బానెట్ మూసి, పూల్‌సింగ్ మామతోటి కలిసి దుంగలు ఊడగొడుతున్నడు. పెద్దమ్మ సామాను డిక్కీల పెట్టుకుంట, మధ్యల వచ్చి నా వీపు మీద ఒకటి వేసి, మళ్ల పోయి చాప పెట్టింది.

"ఎందుకు గుంజినవ్?" అని అడిగిండు పెదనాయిన, తల ఎత్తకుండనే.

"రోగం నేనే చెప్పి, నేనే బాగుచేసినట్టు చేస్తే స్టీరింగ్ ఇస్తవనుకున్న. మళ్ల పెడదామనే అనుకున్న. గంతల నువ్వు తాడు కట్టినవ్."

"నిన్ననే ఎందుకు చెప్పలే?"

"మొదట్ల పాస్టరు గారి ముందల సిగ్గయింది. తర్వాత పెద్దమ్మ లంగా జెండా అయినంక, దుంగలు పెట్టినంక ఇంకా సిగ్గయింది. ఎంత లేటైతే అంత పెద్దగైంది పెదనాయినా. నేను చెప్పేటప్పటికి అది నాకంటే పెద్దగ ఉండె."

అది కూడా రాసిండు. రాసిందంతా అక్కడున్నోళ్లందరికి వినపడేటట్టు చదివిండు, అది రూలంట. గేటు కాడ మళ్ల జమైన రిటైరైనోళ్లు శ్రద్ధగ విన్నరు. ఒకాయన చెవి పక్కన చెయ్యి పెట్టి, మళ్ల చదవమన్నడు. టైం లేదని దీవెనక్క ముంగటి సీట్ల కూసుంది.

ఒప్పుకుంటున్న అని నా చేత్తోనే రాయించి, కింద సంతకం పెట్టించుకున్నడు. ఏడు ఇరవై ఆరు. అప్పుడు పేజీలు వెనక్కి తిప్పి, కారణం అన్న కాడ ఎలుకను ఒక్క గీతతోటి కొట్టేసి, దాని పైన నా పూర్తి పేరు, తండ్రి పేరుతోటి సహా రాసిండు. రాసి, జేబుల నుంచి తాళం తీసి, ఇగ రండ్రి అన్నడు.